చెంబెడు కుంట నీళ్లు

తెల్లారేసరికి కుంటలో చేపలన్నీ పైకి తేలి ఊపిరాడక నోళ్లు తెరిచాయి. అది చూసి గోరికి కడుపు నిండినట్టయింది. ఇక ఆ చేపలు పెంచుతున్న వెంకటరామారావు ఆమె గుమ్మం తొక్కక తప్పదు. ఆ ఎండాకాలం చుట్టుపక్కల బోర్లన్నీ ఎండిపోయి, గోరి బోరు ఒక్కటే నీళ్లు పోస్తోంది మరి.

ఆమె ఇత్తడి చెంబు పట్టుకెళ్లి, గాలికి పచ్చటి తెట్టు కొట్టుకొచ్చే ఒడ్డున నిండా ముంచుకొచ్చింది.

పోయిన నెల ఆ ఒడ్డునే ఆమె చూడి బర్రె నీళ్లు తాగింది. సాయంత్రానికి కాళ్లు కొట్టుకుని చచ్చింది. ఏన్కూరు నుంచి పశువుల డాక్టరు వచ్చి చూశాడు. ఇది మామూలు నాచు కాదనీ, సయనోబ్యాక్టీరియా అంటారనీ, కంటికి కనపడని జీవులు జిగురులో అతుక్కుని గుంపులు కట్టి తేలుతాయనీ, వాటిలో కొన్ని విషం కక్కుతాయనీ చెప్పాడు. చేపల కోసం కుంటను వేలంలో పాడుకున్న రావు అందులో ట్రాక్టర్ల కొద్దీ కోళ్ల పెంట పోయిస్తుంటే, ఆ జీవులకు రోజూ పెళ్లి భోజనమే!

తండా పెద్దల ముందు గోరి నిలదీస్తే రావు నవ్వాడు.

"నీ బర్రె ఏ గడ్డో మేసి చచ్చింది. నీళ్లకేమైందే? కావాలంటే నేనే తాగి చూపిస్తా."

అందరూ నవ్వారు. బర్రె పోయినందుకన్నా ఆ నవ్వుకే గోరి ఒళ్లు మండింది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

అనుకున్నట్టే రావు రొప్పుతూ వచ్చాడు. వెనకాలే తండా అంతా వచ్చింది.

"అమ్మా గోరీ, మోటారు వెయ్యమ్మా! కొత్తనీళ్లు పడకపోతే చేపలన్నీ చస్తాయి."

ఇంటికొచ్చినవాళ్లకు ముందు నీళ్లివ్వడం మర్యాద. గోరి చెంబు అందించింది. రావు గటగటా తాగబోయి ఆగిపోయాడు.

"ఇవేం నీళ్లు?"

"నీ కుంటయే. తాగి చూపిస్తనంటివి గద. తాగు, మోటరేస్త."

"వేళాకోళమా? అక్కడ చేపలు..."

"నా బర్రె తాగింది. నువ్వెందుకు తాగవు?"

చెంబులో పచ్చటి నలకలు పొరలా తేలుతున్నాయి. రావు జనం వైపు చూశాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. బతిమాలాడు, బెదిరించాడు, మళ్లీ బతిమాలాడు. గోరి గుంజకు ఆనుకుని కదల్లేదు. ఆ వారం తమ వైపు పొలాలకు కరెంటు పొద్దుటి పూటే ఇస్తున్నారు. అది పోయే వేళ దగ్గరపడిందని ఆమెకు తెలుసు. కరెంటు ఉన్నంతసేపే వెలిగే స్టార్టరు డబ్బా ఎర్ర బల్బు మీద ఓ కన్నేసి ఉంచింది.

"తాగకుంటే నిజమన్న చెప్పు. మోటరేస్త," అంది.

రావు చెంబు కింద పెట్టాడు. "అవునమ్మా, విషం నీళ్లలోనే ఉంది. నేను పోసిన పెంట వల్లే. నీ బర్రెను చంపింది నేనే. చాలా?"

"గట్ల గొణుగుడు కాదు. అందరు వినేటట్టు చెప్పు."

రావు గొంతెత్తి మళ్లీ మొత్తం చెప్పాడు. అతను ముగించేలోపే ఎర్ర బల్బు ఆరిపోయింది.

గోరి నిదానంగా నడిచి వెళ్లి స్టార్టరు నొక్కింది. మోటారు మూలగనైనా మూలగలేదు.

"నేను మాట తప్పలే అయ్యా, ఏసిన," అంది. "కరెంటు మళ్ల రేపొస్తది."