గుట్ట కడుపులోంచి పసుపు నీళ్లు

పొడవు ఆరడుగులు, ఒంటినిండా అంగుళాల గీతలు. నేను ఒక టేకు కొలకర్రను. గోదావరి ఒడ్డున ఒక బొగ్గు ఊళ్లో వడ్రంగి ఓదెలు నన్ను చెక్కి, కింద ఇనుప పొన్ను తొడిగి సర్వేయరు చేతికిచ్చాడు.

పన్నెండేళ్లు ఆయనతో ఓపెన్‌కాస్ట్ గనిలో తిరిగాను. బొగ్గు అయిపోయాక, తవ్వి పోసిన మట్టిగుట్టను మెట్లు మెట్లుగా చదును చేసి, గడ్డీ కానుగ మొక్కలూ నాటారు. తామే చేసిన గుట్ట పచ్చబడిందని తామే చప్పట్లు కొట్టుకున్నారు. మనుషుల సంబరం ముచ్చటగానే ఉంటుంది. సర్వేయరు రిటైరయ్యాక నేను స్టోరు గదిలో చీపుళ్ల పక్కన చేరాను.

రెండేళ్లకు నన్ను బయటికి తీసింది ఆడెపు స్రవంతి. ఇలా చదును చేసిన గని భూముల్లో వాననీరు సరిగ్గా పోతోందా, మట్టి కోసుకుపోతోందా అని తనిఖీ చేయడం ఆమె ఉద్యోగం. మే చివరి వారంలో నన్ను చేతికర్రలా పట్టుకుని గుట్ట దగ్గరికి వెళ్లింది. గుట్ట పని చేసిన కాంట్రాక్టరు తరఫు సూపర్‌వైజర్ పట్టాభి అక్కడ కాగితాలతో సిద్ధంగా ఉన్నాడు.

"అంతా బ్రహ్మాండంగా ఉందండీ మేడమ్ గారూ. ఎండ ముదరకముందే సంతకం పెట్టేస్తే సరిపోద్దండీ."

"ఒకసారి పైదాకా నడిచొద్దాం పట్టాభిగారూ," అంది స్రవంతి.

మూడో మెట్టు మీద మేకలు కాస్తున్న పోషక్క కేకేసింది. "మేడమ్, ఆ పొదకాడ పైలం! మొన్న నా మేకపిల్ల అండ్లనే వడ్డది."

స్రవంతి గడ్డి పక్కకు తొలగిస్తే కడవ మూతంత రంధ్రం కనిపించింది. నన్ను లోపలికి దించింది. రెండడుగులు, నాలుగడుగులు... ఆమె చెయ్యి జారింది. చీకట్లోకి ఏటవాలుగా జారుతూ, అడుగు ఎక్కడుందా అని నిజంగానే భయపడ్డాను. చివరికి పోషక్క తన దోటికర్ర కొక్కెంతో నన్ను పైకి లాగింది.

"ఎలుక బొరియ అయ్యుంటదండీ," అన్నాడు పట్టాభి.

పోషక్క పకపకా నవ్వింది. "ఆరడుగుల కట్టెను మింగే ఎలుకనా సారూ? వాన వడితె నీళ్లన్నీ గీడ్నే దూరుతయి. యాడ తేల్తయో నాకెర్కలే."

స్రవంతి కిందికి చూసింది. గుట్ట పాదం దగ్గరే అంగన్‌వాడీ బడి ఉంది. నీరు లోపల్లోపలే మట్టిని తినేస్తే, ఒక్క పెద్ద వానకు ఆ వాలు విరిగి బడి మీదే పడుతుంది. మొక్కలకు నీళ్లు పోసే ట్యాంకరును ఆమె పైకి పిలిపించింది. నీళ్లు ఎక్కడ తేలేదీ రంగు పట్టిస్తుందని పోషక్క ఇంటికెళ్లి వంటకు దాచుకున్న పసుపంతా తెచ్చి రంధ్రంలో కుమ్మరించింది. దాని మీద నీళ్లు వదిలారు.

పావుగంట గడిచింది. ఏమీ కాలేదు. పట్టాభి గడియారం చూసుకుని చిన్నగా నవ్వాడు.

అప్పుడు కింది నుంచి అంగన్‌వాడీ టీచరు కేక వినిపించింది. "మేడమ్! గోడెనక పచ్చగ పసుపు నీళ్లు కారుతున్నయి!"

అందరం పరుగెత్తాం. పట్టాభి వంగి ఆ తడిని వేలితో తాకి చూశాడు. అతని ముఖంలో నవ్వు లేదు. "నేను చూసుకోలేదండీ. రేపే మిషన్లు దింపుతాను," అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా.

పిల్లల్ని ఆ రోజే పంచాయతీ ఆఫీసులోకి మార్చారు. నీళ్లు లోపల కోసిన సొరంగాన్ని తవ్వి తీసి, బంకమట్టిని పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి నింపారు. పక్కనే రాతికాలువ కట్టి, నీటిని పాత గని గుంత వైపు మళ్లించారు. పది అడుగులకోసారి వాలు సరిచూడ్డానికి నేనే. ఆఖరి రాయి పేర్చిన మర్నాడు మధ్యాహ్నం ఆకాశం బద్దలైనట్టు వాన కురిసింది. స్రవంతీ పోషక్కా ఒకే గొడుగు కింద బడి వెనక్కి వెళ్లారు. గోడ పాదం దగ్గర ఊట లేదు, మట్టి కదల్లేదు. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని చిన్నపిల్లల్లా గెంతారు. గొడుగు ఎటో ఎగిరిపోయింది.

ఇప్పుడు నన్ను ఆ కాలువలోనే, ఒక అంచున సిమెంటుతో నిలబెట్టారు. మేకలు వీపు గోక్కోవడానికి నా దగ్గరికే వస్తాయి. నాకేమీ అభ్యంతరం లేదు. వాన పడ్డప్పుడల్లా పోషక్క వచ్చి నా మీద నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూసి, పట్నంలో ఉన్న స్రవంతికి ఫోన్ చేస్తుంది.

"మేడమ్, నీళ్లు జోరుగ వోతున్నయి. మట్టి మాత్రం ఇసుమంత గూడ కదల్లే. నువ్వు నిమ్మలంగ చాయ్ తాగు."