లోర్నా పేరున ఒక బాణీ

వెండెల్ ఒబర్‌హోల్ట్ నలభై ఏళ్ళుగా పక్కవాళ్ళ పాటలకే మెరుగులు దిద్దాడు. సినిమా పాటలు, క్రిస్మస్ పాటలు, కవాతు పాటలు... అన్నిటినీ పెద్ద వాద్యబృందానికి సరిపడేలా కూర్చి, ఒహాయో నది ఒడ్డున పచ్చిక మీద ప్రతి వేసవీ కచేరీలు నడిపించాడు. శాస్త్రీయ సంగీతం వాయించే సింఫనీ బృందం పెద్దలు అతన్ని మిఠాయికొట్టు సంగీతకారుడనేవారు. అననీ. వాళ్ళ కచేరీల్లో సగం కుర్చీలు ఖాళీ, ఇతని దగ్గర దుప్పటి పరిచే చోటుండేది కాదు.

భార్య లోర్నా చలికాలంలో పోయింది. వెండెల్ ఏడవలేదు. సమాధి దగ్గరా ఏడవలేదు, ఆమె చలికోట్లు చర్చికి ఇచ్చేసినప్పుడూ ఏడవలేదు. తిన్నాడు, పడుకున్నాడు, లేచాడు. లోపల ఏమీ లేదు, అంతే. వసంతంలో ఆమె పేరున ఓ నెమ్మదైన బాణీ రాశాడు. అతని సొంతమంటూ అదే మొదటిది. రిహార్సల్ కాస్తా తప్పులు దిద్దడంతోనే సరిపోయింది. కచేరీలో వింటే ఏడుపొస్తుందని, జనం చూసినా సరే ఒక్కసారి వస్తే చాలని ఆశ పెట్టుకున్నాడు.

"కోడివేపుడు తింటున్న జనం ముందు ఏడుపు బాణీ ఏంటి మేస్ట్రో?" అన్నాడు మేనేజరు డ్వేన్. "సగంమంది బాత్రూమ్ లైన్లో ఉంటారు."

"ఉండనీ. నువ్వూ పోయి నించో, పీడా పోతుంది," అంది బృందంలో మొదటి వయొలిన్ వాయించే మార్జీన్. ఆమె లోర్నాకు ప్రాణస్నేహితురాలు.

డ్వేన్ రెండు కవాతు పాటల మధ్య దానికి చోటిచ్చాడు.

ఇది మేస్ట్రో సొంత బాణీ అని డ్వేన్ మైకులో చెప్పాడు. బాణీ మొదలైంది. మార్జీన్ వయొలిన్ ఎత్తుకుంది. జనం తినడం ఆపారు. వెండెల్ గొంతులో ఏదో కదిలినట్టే అయింది. అంతలో డ్రమ్ము మెల్లగా కలిసింది. ముందు వరుసలో ఎవరో చప్పట్లతో తాళం అందుకున్నారు, క్షణంలో పచ్చికంతా అందుకుంది. వాళ్ళ తప్పేముంది? డ్రమ్ము వినబడగానే బృందానికి వీపు తిప్పి, జనానికి చప్పట్ల తాళం పట్టించింది ఇన్నేళ్ళూ ఇతనే. ముసలాయన మొదటిసారి సొంత బాణీ వాయింపిస్తుంటే ఊరుకుంటే ఏం బాగుంటుందనుకున్నారు పాపం.

అరచెయ్యి చూపిస్తే ఆగిపోయేవారు. మార్జీన్ కళ్ళతోనే బతిమాలింది. వెండెల్ జనం వైపు తిరిగాడు. చెయ్యి దానంతటదే లేచి తాళం వేసింది, ముఖం మీదికి నవ్వొచ్చింది. తాళం పరుగందుకుంది, బృందం వెనకాల పరుగెత్తింది. గొంతులో కదిలినది ఎటు పోయిందో పోయింది.

జనం లేచి నిలబడి ఈలలు వేశారు.

తెర వెనక మార్జీన్ ముక్కు చీదుకుంటోంది. "ఆపొచ్చుగా వెండెల్! అది లోర్నాది కదయ్యా!"

"తాళం తప్పలేదు వాళ్ళు," అన్నాడతను.

డ్వేన్ పరుగున వచ్చాడు. "అదరగొట్టారు మేస్ట్రో! వచ్చే వేసవి దీంతోనే మొదలెడదాం. కాకపోతే ఆ మొదట్లో కొంచెం సాగింది."

మార్జీన్ వెండెల్ ముఖంలోకి చూసింది, ఇప్పుడైనా కోపమొస్తుందేమోనని. అతను నుదురు తుడుచుకున్నాడు.

"నిజమే," అన్నాడు. "మొదట్లో వయొలిన్ తీసేసి బాకాలు పెడతాను."