నైరుతి తలుపు

ఏ పెళ్ళికి పోయినా అందరూ ముందు పెళ్ళికూతుర్ని చూస్తారు, నేను తలుపులు చూస్తాను. ముప్పయ్యొక్క ఏళ్ళు ఫైర్ సర్వీసులో ఉన్నవాడికి పట్టిన తెగులు ఇది. ఎన్ని తలుపులున్నాయి, ఎటు తెరుచుకుంటాయి, దేనికి తాళం పడింది, గ్యాస్ సిలిండర్లు ఎక్కడ పెట్టారు. మా పెళ్ళిలో కూడా తన మొహం కంటే ముందు నేను మండపం గేటు చూశానని మా స్వర్ణ చచ్చేదాకా దెప్పింది. చచ్చేదాకా అన్నది మాటవరసకు కాదు. ఆరేళ్ళ కిందట పోయింది.

ఇప్పుడు పుంగనూరు ఫైర్ స్టేషన్‌లో ఆఫీసర్ని. పేరు ఈశ్వరప్ప. స్టేషన్ వెనక క్వార్టర్‌లో ఒక్కణ్ణే ఉంటాను. ఒక్కడికి వంట చేసుకోవడమంత దండగమారి పని ఇంకోటి లేదు. సగం గ్లాసు బియ్యం పోస్తే చాలదు, గ్లాసు పోస్తే మిగులుతుంది. పిల్లలు లేరు. నాకంటూ మిగిలింది మదనపల్లెలో చెల్లెలు నాగవేణి, ఆమె కూతురు శ్రుతి. అంతే.

నేను కుప్పంలో పనిచేసేటప్పుడు శ్రుతి నాలుగేళ్ళు మా ఇంట్లోనే పెరిగింది. నాగవేణి రెండో కాన్పు కష్టమై, బిడ్డ దక్కక మంచం పడితే, పాపను తెచ్చుకుని అక్కడే బళ్ళో వేశాం. సాయంత్రమైతే స్టేషన్‌కు పరిగెత్తుకొచ్చి, ఇంజన్ ఎక్కి గంట కొట్టేది. ఆ గంట ఊరికే కొట్టకూడదని నేను కసిరితే, మా స్వర్ణ అడ్డం వచ్చేది. "కొట్టనీప్పా. రేపు దీన్ని గంపలో మోసేది నువ్వే. ఇప్పట్నుంచే నడుము జాగర్తగా పెట్టుకో" అనేది.

మా పక్క పెళ్ళికూతుర్ని వెదురుగంపలో కూర్చోబెట్టి మేనమామలు పీటల దగ్గరికి మోసుకొస్తారు. ఒక పక్క సొంత మేనమామ, రెండో పక్క వరసైనవాడు. శ్రుతికి సొంత మేనమామను నేనొక్కణ్ణే.

సంబంధం కుప్పంలో కుదిరింది. రెండూళ్ళకూ మధ్యలో ఉంటుందని పెళ్ళి పుంగనూరులో పెట్టుకున్నారు. నా ఊళ్ళోనే పెళ్ళి! నేను వాల్మీకిపురం పోయి, మేదరవాళ్ళకు చెప్పి, అడుగున రెండు బద్దలు ఎక్కువ వేయించి గంప అల్లించాను. రోజూ పొద్దున పరేడ్ అయ్యాక అందులో ఇసుక బస్తా పెట్టుకుని ఎత్తి దించేవాణ్ణి. మోకాళ్ళు కలుక్కుమనేవి. మా ఫైర్‌మన్లు మూతులు బిగపట్టుకుని నవ్వుకున్నారు. నవ్వుకోనీ అనుకున్నాను. స్వర్ణ పోయిన తర్వాత నేను ఎదురుచూసిన రోజు అదొక్కటే.

తీరా వాళ్ళు మాట్లాడుకున్నది ఉమాపతి మండపం అని తెలిశాక నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ మండపానికి రెండు దారులు. ముందు వాకిలి ఒకటి, స్టేజీ వెనక సందు చివర ఇనుప తలుపు ఒకటి. ఆ వెనక తలుపు నైరుతిలో పడింది. కట్టిన ఏడాది ఓనరు ఉమాపతికి వ్యాపారంలో దెబ్బ తగిలింది. ఎవరో సిద్ధాంతి వచ్చి, నైరుతి ఎప్పుడూ మూసి ఉండాలి, అక్కడ బరువుండాలి, నువ్వేమో వాకిలి పెట్టుకున్నావు అన్నాడు. అంతే, తాళం పడింది. తలుపుకు ఆనించి విరిగిన కుర్చీలు పేర్చారు. నేను రెండుసార్లు నోటీసు ఇచ్చాను. రెండుసార్లూ మర్యాదగా కాఫీ తెప్పించి, సంతకం పెట్టి తీసుకున్నాడు. నోటీసు నకలు పైకి పంపాను. అదింకా పైనే ఉంది.

పెళ్ళికి వారం ముందు మళ్ళీ పోయి అడిగాను. "మీ యింటి పెండ్లే గదన్నా, నేను కాదంటానా?" అని కుర్చీలు తీయించాడు. మనిషి చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే గట్టిగా తిట్టుకునేవాణ్ణి.

పెళ్ళిరోజు పొద్దున ఏడింటికి గంప భుజాన పెట్టుకుని మండపానికి పోయాను. పట్టుపంచె, స్వర్ణ ఎప్పుడో కొన్న కండువా. లోపలికి అడుగు పెట్టి, అలవాటు చొప్పున నేరుగా వెనక సందులోకి పోయాను. తలుపు గడియకు తాళం వేలాడుతోంది.

ముందు వాకిలి సంగతి చూస్తే, పూల ఆర్చీ పెట్టి సగం మూసేశారు. మిగిలిన సగానికి సౌండు పెట్టెలు అడ్డం. పక్కనే వంటలు, పది సిలిండర్లు. పైన గుడ్డ పందిరి, దానినిండా లైట్ల తీగలు. తొమ్మిది వందల మంది వస్తారని నాగవేణే చెప్పింది.

ఉమాపతిని పట్టుకుని కేకలేశాను. నాకు కోపం వస్తే గొంతు ఊరంతా వినబడుతుంది, అదొక జబ్బు. ఉమాపతి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నేనేం చెయ్యాలన్నా? పెండ్లికొడుకు తట్టు వాళ్ళే ఎయ్యమన్నారు. ముహూర్తం టైములో నైరుతి తెరిచుంటే కాపురం నిలబడదంట. వాళ్ళ సిద్ధాంతిని గూడా పిలుచుకొని వచ్చుండారు."

"తాళం తీయకపోతే యూనిఫామ్ ఏసుకొని వస్తా. పెండ్లి ఆపేస్తా" అన్నాను.

ఆ మాట నాగవేణి చెవిన పడింది. వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అన్నా, నా బిడ్డ పెండ్లి. పెండ్లికి పోతా పిల్లిని సంకనేసుకొని పోయినట్టు, ఈ పొద్దు నీ రూల్సు యాలన్నా? వాళ్ళు ఇప్పటికే మొగాలు ముడుసుకొనుండారు. ఆపుతాననే మాట నీ నోట్లోనించి యట్లొచ్చింది?"

కానీ తాళం కళ్ళముందు నుంచి పోలేదు.

చివరికి కుప్పం సిద్ధాంతే మధ్యలో దూరాడు. వయసైన మనిషి, నిదానస్తుడు. "తాళమే ఉండాలని శాస్త్రంలో ఎక్కడా లేదు నాయనా. తలుపు మూసి ఉండాలి, అక్కడ బరువుండాలి, అంతే" అన్నాడు. ఇసుక బస్తాలు వేద్దామన్నారెవరో. బస్తాలు వేస్తే దారి మూసుకుపోతుందని నేను ఒప్పుకోలేదు. "అయితే మనిషిని కూర్చోబెట్టండి. మనిషి కూడా బరువే కదా. అవసరమైతే లేస్తాడు" అన్నాడు సిద్ధాంతి. అందరూ నవ్వారు. పెళ్ళికొడుకు తల్లి కూడా తల ఊపింది. తాళం తీసి, నోరు తెరిచిన దాన్ని గడియకే తగిలించి, తలుపుకు ఆనించి ఒక కుర్చీ వేశారు.

ఎవరు కూర్చోవాలి? స్టేషన్‌లో డ్యూటీ మీద ఉన్నవాళ్ళు బండి వదిలి రాకూడదు. మా పెదనాన్న కొడుకు పాపన్నను కూర్చోబెట్టి, గంపకు పసుపు రాయడానికి పోయాను. ఐదు నిమిషాలు. తిరిగొచ్చేసరికి పాపన్న ముందు వాకిలి దగ్గర కాఫీ తాగుతున్నాడు. తలుపుకు తాళం పడి ఉంది.

"ఖాళీ కుర్చీ కనపడింది, ఏసేసినా. ఆడోళ్ళు గోల సేస్తాండారన్నా" అన్నాడు ఉమాపతి. మళ్ళీ తీశాడు. "నువ్వు కూసుంటే ఎయ్యను. నువ్వు లేస్తే ఏస్తా. నాకీ పంచాయితీ వద్దు."

కూర్చున్నాను.

తొమ్మిది దాటింది. జనం నిండిన సద్దు తెలుస్తోంది. ఆ సందులో మాత్రం ఎవరూ లేరు. విరిగిన బల్ల ఒకటి, మూలన అరటి బోదెలు, నేను. స్టేజీ అవతలి పక్క నుంచి నాదస్వరం, గోడ వెనక నుంచి వింటున్నాను. నవ్వులు, పిలుపులు, ఎవరిదో పిల్ల ఏడుపు. నా సొంత మనిషి పెళ్ళి అది.

పెళ్ళికూతురి గది ఆ సందులోనే, నాకు పది అడుగుల దూరంలో. తలుపు తెరుచుకుంది. గంప తెచ్చి గది ముందు పెట్టారు. శ్రుతి బయటికి వచ్చింది. బుగ్గన చుక్కతో, బాసికంతో ఉంటే, ఇంజన్ ఎక్కి గంట కొట్టిన పిల్ల ఇదేనా అనిపించింది. గంపలో కూర్చోకుండా నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"లే మామా, గంప ఎత్తాల."

"లేస్తే తాళం ఏస్తారమ్మా."

శ్రుతి నా భుజం మీదుగా చెయ్యి చాపి, గడియకున్న తాళం తీసుకుంది. "ఇదో, నా వొళ్ళో పెట్టుకుంటా. ఎవురేస్తారో సూస్తా. ఇంక లే."

లేవాలనే ఉంది. దేవుడి తోడు, లేవాలనే ఉంది. పది అడుగులు పోయి, గంప ఎత్తి, స్టేజీ ఎక్కించి తిరిగొస్తే పదినిమిషాల పని. అప్పుడే నాకొక బట్టల కొట్టు గుర్తొచ్చింది. ఎన్నో ఏళ్ళ కిందటి మాట, ఏ ఊరో చెప్పను. పొగ తగ్గాక లోపలికి పోతే, వెనక తలుపు దగ్గర ఇద్దరు పడి ఉన్నారు. తాళంచెవి ఎక్కడుందని వెతికాం. ముందు గల్లాపెట్టె పక్కన మేకుకు శుభ్రంగా తగిలించి ఉంది. పదినిమిషాలు బజారుకు పోయివస్తాననుకుని ఓనరు తాళం వేసి పోయాడు.

ఉమాపతికి ఇంకో తాళం దొరకదా? మండపంలో తాళాలకేం కొదవ?

"నువ్వు పోమ్మా. ముహూర్తం మించిపోతాది" అన్నాను.

శ్రుతి నావైపు చూసింది. ఏడవలేదు. ఏడ్చుంటే లేచేవాణ్ణేమో. "గంప గట్టిదేనా మామా?" అంది.

"అడుగున రెండు బద్దలు ఎక్కువ ఏయించినా."

పోయి కూర్చుంది. ఒక పక్క పాపన్న పట్టుకున్నాడు. రెండో పక్క, నా పక్క, పాపన్న బావమరిది ఎవరో పట్టుకున్నాడు. గంప కాస్త ఒరిగింది. మోకాళ్ళు వంచి ఎత్తండిరా అని అరవబోయి ఆగాను. స్టేజీ మెట్ల దగ్గర మలుపు తిరిగారు. తర్వాత కనబడలేదు.

గట్టిమేళం మోగింది. తాళి కట్టేశాడని అర్థమైంది. వంటమనిషి తాయమ్మ గిన్నెలకని సందులోకి వచ్చి, నన్ను చూసి ఆగిపోయి, తన గుప్పెట్లోని అక్షింతల్లో సగం నా చేతిలో పోసింది. స్టేజీ వెనక గోడ వైపు చల్లాను. గోడకు తగిలి కిందపడ్డాయి.

ఫొటోగ్రాఫర్ మైకులో పిలిచాడు. "మేనమామ గారు యాడుండారో రావాల." రెండుసార్లు పిలిచాడు. తర్వాత ఇంకెవరినో పిలిచాడు. పంక్తి తర్వాత పంక్తి భోజనాలు సాగాయి. నా దగ్గరికి ఎవరూ రాలేదు. నాగవేణి కూడా రాలేదు. రాహుకాలం రాకముందే పెళ్ళికూతురితో బయల్దేరాలని పెళ్ళికొడుకువాళ్ళు తొందరపడ్డారు. కారు హారన్ వినబడింది. అప్పటికింకా రెండు వందల మంది ఆకుల ముందున్నారు. వాళ్ళను వదిలి ఎట్లా లేవను?

మూడు దాటాక, చివరి మనిషి చెయ్యి కడిగాక లేచాను. కాళ్ళు తిమ్మిరెక్కాయి. హాల్లో కుర్చీలు మడిచేస్తున్నారు. స్టేజీ పక్కన గంప బోర్లా పడి ఉంది. ఎత్తితే కింద పసుపు బియ్యం, వాటి మధ్యలో తాళం.

ఉమాపతి వచ్చాడు. "ఓహో, దీన్ని యాడ్నించి తెస్తివన్నా? ముహూర్తానికి ముందు ఎవురో అడిగితే ఎతికినా, కనపళ్ళా. ఇంకోటి ఉంటే గదా. వడ్డనల్లో పడి మర్సేపోయినా." ఆగి నా మొహం చూశాడు. "అయితే ఇంతసేపూ యాల కూసున్నట్టు?"

నేను లేచినా ఏమీ జరిగేది కాదు. లేవనందుకు కూడా ఏమీ జరగలేదు. మా పని ఎప్పుడూ ఇంతే. కాలని ఇల్లు చూపించి నా వల్లే కాలలేదు అంటే ఎవరు నమ్ముతారు? నేనే నమ్మలేకపోయాను. స్టేజీ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. కుర్చీలు మడిచేవాళ్ళు చూసి, పెళ్ళికూతురి తండ్రి అనుకుని ఊరుకున్నారు.

తాళం జేబులో వేసుకున్నాను, ఉమాపతి అడగలేదు. ఖాళీ గంప భుజాన పెట్టుకుని క్వార్టర్‌కు వచ్చాను.

సాయంత్రం శ్రుతి ఫోన్ చేసింది. వెనక అత్తగారింటి సందడి వినబడుతోంది.

"తిన్నావా మామా?"

"తిన్నాలేమ్మా." తినలేదు.

"అబద్ధం. తాయమ్మ సెప్పింది." సందడికి దూరంగా జరిగినట్టుంది, వెనక సద్దు తగ్గింది. "రేపు ఈడ రిసెప్షను. నువ్వు రావాల. ఇప్పుడే హాలు సూసొచ్చినాం. రెండు తలుపులుండాయి. రెండూ తెరిపించినా. మా అత్త యాల అనింది, మా మేనమామ వస్తాడని సెప్పినా. నువ్వు ముందు వరసలో కూసోవాల, తలుపుకాడ కాదు."

పొద్దున మొదటి బస్సుకే వస్తానని చెప్పాను. చెప్పాక కూడా, ఆ తలుపులు ఎటు తెరుచుకుంటాయో అడగాలనిపించింది. అడగలేదు.