కత్తిరించని మూరెడు

దారాన్ని రెండో మేకుకు బిగించి, ఒక కన్ను మూసి చూసుకుని కత్తెర అందుకున్నాడు తోటమాలి. మంచినీళ్ళు శుద్ధి చేసే ఆ కేంద్రంలో, గోడ వెంబడి ఉన్న మొక్కల కంచెను ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇలాగే దారం కట్టి కత్తిరిస్తున్నాడు. దారం పైన ఆకు నిలవకూడదు, కింద ఆకు తెగకూడదు. అందుకే అతని అసలు పేరు ఎవరికీ అవసరం పడలేదు. అందరికీ అతను దారమే. కంచంలో అన్నాన్ని కూడా అంచులు సరిచేసుకుని గానీ తినడని భార్య దెప్పుతుంది.

ఈ రోజు అతనికి ఆఖరి రోజు. కంచె అంతా పలక అంచులా ఉంది, గేటుకు ఎడమ పక్క మూరెడు మేర తప్ప. అక్కడ కొమ్మలు ఇష్టం వచ్చినట్టు పెరిగిపోయాయి. లోపల ఒక సన్న కొమ్మకు అరచేయంత తేనెపట్టు ఉంది. నెల కిందట అక్కడిదాకా వచ్చిన కత్తెర ఆగిపోయింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఆఫీసులో నవ్వుకున్నారు. ఆఫీసరమ్మ మాత్రం నవ్వలేదు, సంజాయిషీ అడిగింది. సర్వీసు మొత్తంలో అదొక్కటే మచ్చ. పూత అయిపోతే తేనెటీగలు వాటంతటవే లేచిపోతాయని, కాస్త ఓపిక పట్టమని ఆవిడను బతిమాలాడు. ఆవిడ మూడు వారాలు ఆగి, రేపు ఉదయం మందు కొట్టేవాళ్ళు వస్తున్నారని నిన్న చెప్పింది. ఎవరినైనా కుడితే జవాబు చెప్పుకోవలసింది ఆవిడే. ఆ మాట అతను కాదనలేకపోయాడు.

అవి చచ్చిపోతాయన్న ఊహకే అతనికి రాత్రి ముద్ద దిగలేదు. పట్టుతో సహా కొమ్మ కోసి, కాలవ గట్టు మీది పొదల్లో కట్టేయాలనుకున్నాడు. కాకపోతే దానికో వేళ ఉంది. పొద్దుగూకి, తేనెకు పోయినవన్నీ ఇల్లు చేరాకే కొమ్మ ముట్టుకోవాలి.

మధ్యాహ్నం అందరూ చేరి టీ ఇచ్చారు, నాలుగు మంచి మాటలు చెప్పారు. ఇన్నేళ్ళలో అతను కుర్చీలో కూర్చోగా ఎవరూ చూడలేదంటూ ఒక మడత కుర్చీ చేతిలో పెట్టారు. గుర్తింపు కార్డు తీసుకుని సంతకం పెట్టించుకున్నారు. పావుతక్కువ ఐదుకు అతను కంచె దగ్గర నిలబడి ఉంటే వాచ్‌మన్ వచ్చాడు. ఇరవై ఏళ్ళు ఇద్దరూ ఒకే చోట కూర్చుని అన్నం తిన్నారు.

"ఐదింటికి గేటు వేసెయ్యాలి దారం. ఇప్పుడు నువ్వు బయటివాడివి."

"చీకటి పడేదాకా ఉండనీరా. గంటన్నర, అంతే."

"బయటివాళ్ళని నీళ్ళ దగ్గర ఉంచానని తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది. రూలు నీకు తెలీందా?"

తెలియకేం. ఈ వాచ్‌మన్ బావమరిదిని ఒకసారి ఇదే రూలు చెప్పి తనే బయటికి పంపించాడు. కత్తెర తీశాడు.

ఎండ ఇంకా తెల్లగానే ఉంది. కొమ్మ మొదట్లో పట్టుకుని ఒక్క కోత కోశాడు. పట్టు మీదున్నవి కాస్త కదిలి సద్దుకున్నాయి. నిండు పాలగిన్నె మోస్తున్నట్టు రెండు చేతులా పట్టుకుని గేటు దాటాడు.

నాలుగడుగులు వేశాక వెనక సన్నటి రొద వినిపించింది. తిరిగి చూశాడు. పొలాల మీంచి వచ్చిన ఈగలు, కొమ్మ పోయిన ఖాళీలో గుండ్రంగా తిరుగుతున్నాయి. సగానికి పైగానే ఉన్నాయి. చేతిలో ఉన్నది సగం ఇల్లే. తెలిసి తెలిసీ వేళ కాని వేళ కోశాడు. జీవితంలో ఒక్క పని వంకరగా చేశాడు, అదీ వీటి విషయంలోనే. కళ్ళు నిండాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"కుర్చీ మర్చిపోయావు," అన్నాడు వాచ్‌మన్.

"ఉండనీ. వస్తాను మరి."

గేటు మూసుకుంది. అతను కాలవ వైపు మెల్లగా నడిచి మలుపు తిరిగాడు. కంచె పక్కన, అట్ట కూడా విప్పని మడత కుర్చీ మీద, తిరిగొచ్చిన ఈగలు ఒక్కొక్కటే వాలుతున్నాయి.