పూజ రోజు ఆగిన పంపు

ఖరగ్‌పూర్‌లో విశ్వకర్మ పూజంటే మాటలు కాదు. ఆ రోజు రైల్వే వర్క్‌షాపులో ఒక్క యంత్రం తిరగదు. సుత్తి నుంచి క్రేను దాకా అన్నీ తుడిపించుకుని, బొట్టు పెట్టించుకుని కూర్చుంటాయి. తాతల కాలం నుంచీ అక్కడే పనిచేసిన ఇంట్లో పుట్టిన గోవిందరావు, ఫిట్టరుగా రిటైరై పరిశోధక విద్యార్థిని విష్ణుప్రియ ల్యాబులో కాంట్రాక్టు టెక్నీషియనుగా చేరాక కూడా ఆ ఆచారం మానలేదు. ఇక్కడ కుదరదని చెప్పాల్సిన మనిషి చెప్పలేదు. కొంప మునిగింది అక్కడే.

విష్ణుప్రియ రాజమండ్రి నుంచి పీహెచ్‌డీకి వచ్చి ఐదేళ్లయింది. ఆమె పనంతా ఒక స్ఫటికం మీద. ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఊడొచ్చే ఫెర్రోఎలక్ట్రిక్ స్ఫటికం అది. దాని లోపలి విద్యుత్తు ఎటు మొగ్గాలో బయటినుంచి వోల్టేజి పెట్టి మార్చొచ్చు. కంటికి కనబడని లేజర్ కాంతి దానిమీద పడితే, రెండేసి కాంతి కణాలు ఒకటైపోయి ఆకుపచ్చగా బయటికొస్తాయి. వోల్టేజి మారిస్తే రేడియో గొంతు మార్చినట్టే, ఆ పచ్చదనం పెరుగుతుంది, తరుగుతుంది. పెరగడం ఆమె చూపించింది. తగ్గించి, మళ్లీ మొదటికి తెచ్చి కూడా చూపించమన్నారు సైన్సు పత్రికవాళ్లు. పది రోజులు గడువిచ్చారు. చూపిస్తే పేపరు వస్తుంది, పేపరొస్తేనే డిగ్రీ.

కొలతలకు వాడే ఆ స్ఫటికపు పొరను టేపుతో ఒలిచింది గోవిందరావే. మందం వెంట్రుకలో వెయ్యో వంతు. పెద్ద చదువులవాళ్లు చేతులెత్తేసిన చోట ఆయన బొటనవేలు పనిచేసింది. ఎక్కువసేపు గాలి తగిలితే పాడవుతుందని, దాన్ని చిన్న ఉక్కు డబ్బాలో పెట్టి, అందులో గాలి లాగేసే పంపును రాత్రింబవళ్లు తిప్పుతుండేవారు.

పూజకు ముందురోజు సాయంత్రం ఆయన ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, రేపు విశ్వకర్మ పూజ గదా. మిషన్లన్నీ ఆపీసి బొట్టెట్టాల. పంపు కూడా ఆపీమంటావేటి?"

విష్ణుప్రియ పత్రికవాళ్లకి జవాబు రాసుకుంటోంది. ప్రతి మాటా వినబడింది. ఒక్కటీ బుర్రకెక్కలేదు.

"ఠీక్ హై బాబాయ్" అంది, తల ఎత్తకుండానే.

సెలవు గడిచాక వచ్చి లేజర్ వేస్తే పచ్చదనం లేదు. వోల్టేజి ఎటు తిప్పినా లేదు. మైక్రోస్కోపులో చూస్తే పొర నిండా బుడగలు, చెమ్మెక్కిన గోడ మీద సున్నం పొక్కినట్టు. పంపు మీద కుంకుమ బొట్టు చూశాక గానీ తను అన్న మాట ఆమెకు గుర్తు రాలేదు.

ఆమె గైడు ప్రొఫెసర్ త్రివిక్రమ్ ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు.

"పంపు ఎవరాపారు?"

"నానే ఆపినాను సార్."

"ఎవర్ని అడిగి ఆపావు?"

గోవిందరావు విష్ణుప్రియ వైపు చూశాడు. ప్రొఫెసరూ అటే తిరిగాడు.

"నువ్వేమైనా ఆపమన్నావా?"

పీహెచ్‌డీ గడువు పొడిగించమని ఆమె పెట్టుకున్న కాగితం బల్ల మీదే ఉంది. సంతకం ఇంకా పడలేదు. ఐదేళ్లు ఒక పక్క, ఒక్క మాట ఒక పక్క. మీనమేషాలు లెక్కపెట్టేంత వ్యవధి కూడా లేదు.

"లేదు సర్" అంది.

గోవిందరావు ఆమెను ఇంకో క్షణం చూశాడు. తర్వాత, "తప్పు నాదే సార్. మా వర్క్‌షాపు అలవాటు కొద్దీ సేసినాను" అన్నాడు. ఆ సాయంత్రానికే ఆయన ఉద్యోగం పోయింది. విష్ణుప్రియ కాగితం మీద సంతకం పడింది. పత్రికవాళ్లకి ప్రొఫెసరే రాసి మూడు నెలలు సంపాదించాడు.

"నీ తప్పేముంది? ఇంకో పొర తీసుకుని మళ్లీ కొలతలు తీయి" అన్నాడు, ఊరడింపుగా.

ఇంకో పొర! పన్నెండు రోజులు ఒలిచింది. వస్తే చెక్కలా మందంగా వచ్చింది, లేకపోతే తునకలైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆమెకు బాగా తెలిసొచ్చింది. పదమూడో రోజు స్ఫటికాన్ని గాలి చొరని డబ్బాలో పెట్టుకుని, టోటో బ్యాటరీ రిక్షా ఎక్కి పూరీ గేట్ పేటలో గోవిందరావు ఇంటికి వెళ్లింది.

తలుపు తీసిన ఆయన భార్య జోగమ్మ ముఖం విప్పారింది. "నువ్వేనా అమ్మా విష్ణుప్రియవి? మా ఆయన నోట ఎప్పుడూ నీ మాటే" అంటూ కుర్చీ వేసి, టీ తెచ్చి ఇచ్చింది. ఆయన ఇంట్లో కూడా నిజం చెప్పలేదన్నమాట. విష్ణుప్రియ టీ గ్లాసు కింద పెట్టేసింది. ఆ క్షణాన తనంటే తనకే రోత పుట్టింది. అయినా లేచి వెళ్లిపోలేదు.

గోవిందరావు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"బాబాయ్, ఒక్క పొర తీసిపెట్టాలి. నా వల్ల కావట్లేదు" అంది విష్ణుప్రియ.

ఆయన డబ్బా అందుకుని చూసి, పక్కన పెట్టాడు.

"తీస్తాను. దానికేటుంది. ముందొక మాట సెప్పమ్మా. సార్‌తోటి నిజం సెప్పీసి వొచ్చినావా, నా సేతుల కోసమే వొచ్చినావా?"

గుమ్మంలో జోగమ్మ నవ్వు ఆగిపోయింది. దారి పొడుగునా క్షమాపణలు కూర్చుకుంటూ వచ్చిన విష్ణుప్రియ ఆయన ముఖంలోకి చూద్దామనుకుంది. చూపు అక్కడ నిలవలేదు, జారి ఆయన వేళ్ల మీద పడి అక్కడే ఉండిపోయింది.

గోవిందరావు అది గమనించాడు. టేపు ఇమ్మని చెయ్యి చాపాడు.