పన్నెండో మాట

రోజూ పొద్దున్నే ఆరింటికి క్రేను డ్రైవరు నూట తొంభై మెట్లెక్కి తన గాజు గదిలో కూర్చునేవాడు. చెమట తుడుచుకుని, వాకీటాకీ మెడకు తగిలించుకుని, అద్దానికి అంటించిన పన్నెండు బొమ్మల మీద దుమ్ము దులిపేవాడు. అవి వాళ్లావిడ వేసినవి. ఆమె దుకాణాలకు బోర్డులు రాస్తుంది. కొత్త ఊరి భాషకు మొగుడి నోరు ఎంతకీ తిరక్కపోయేసరికి, పనికి కావలసిన పన్నెండు మాటలకూ పన్నెండు జంతువుల పిల్లల్ని వేసిచ్చింది. 'నెమ్మదిగా' అనే మాటకు, కోడిగుడ్ల మీద మునివేళ్లతో నడుస్తున్న ఏనుగుపిల్ల. 'దించు' అనే మాటకు, బుట్టలో కూర్చుని గొడుగు విప్పి, భయంతో కళ్లు మూసుకున్న పందిపిల్ల.

నేర్చుకునే మనిషి బొమ్మ చూసి మనసారా నవ్వితే, అందులో పిల్లకు ప్రాణం వచ్చేది. ఆ తర్వాత ఎవరి నోట ఆ మాట వచ్చినా లేచి ఒళ్లు విరుచుకుని, మళ్లీ పడుకునేది. సూపర్‌వైజరు ఒకసారి పైకెక్కి చూసి, బరువు చూపించే ముల్లుకు అడ్డం రాకుండా అంటించుకోమని చెప్పి దిగిపోయాడు.

పదకొండు పిల్లలు లేచాయి. పన్నెండోది లేవలేదు. అది 'ఆపు'. పోలీసు టోపీ పెట్టుకుని, వచ్చే లారీకి రెక్క అడ్డం పెట్టిన బాతుపిల్ల. పక్కింటివాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు గానీ అతని పెదవి కదల్లేదు. వాళ్లావిడ నాలుగుసార్లు మార్చి వేసింది. ఈలోగా ఆఫీసువాళ్లు కబురు చేశారు: సోమవారం పరీక్ష, పన్నెండు మాటలూ రానివాడు క్రేను దిగిపోవాలి.

"ఈ బాతు మీకేం అన్యాయం చేసిందండీ?" అని ఆమె బుధవారం సాయంత్రం కుంచె కడుగుతూ అడిగింది.

అప్పుడు చెప్పాడు, ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్న సంగతి. ఆ ఊరి భాషలో 'ఆపు', 'దించు' అనే మాటలు ఒకే పోలిక. చివర చిన్న దీర్ఘమే తేడా. ఈ ఊళ్లోనే ఇంతకుముందు సైటులో కిందివాళ్లు ఆపమని అరుస్తుంటే, దించమంటున్నారని అతను దించేశాడు. ఒక వెల్డరుకు కాలు పోయింది. అప్పట్నుంచీ ఆ మాట వినపడితే చాలు, చెవులు మూసుకుపోతాయి.

ఆమె కుంచె ఆరబెట్టింది. తర్వాత మార్చి వేసిన బాతు బొమ్మ అతని సంచీలో పెట్టింది. "నవ్వొద్దులెండి. ఊరికే అంటించుకోండి," అంది.

మర్నాడు మంచు దట్టంగా పట్టింది. పైనుంచి చూస్తే కడ్డీలు దించాల్సిన తొమ్మిదో అంతస్తు కనపడటం లేదు, మనుషులు కనపడటం లేదు. కొక్కేనికి రెండు టన్నుల ఇనుప కడ్డీల కట్ట వేలాడుతోంది. ఇక చెవి తప్ప దిక్కులేదు. వాకీటాకీలో సూపర్‌వైజరు గొంతు దించమంది. పందిపిల్ల లేచి ఆవలించి పడుకుంది. అతను లివరు ముందుకు నెట్టాడు. నెమ్మదిగా అంది గొంతు. ఏనుగుపిల్ల కదిలింది. వేగం తగ్గించాడు.

అంతలో గరగరమంటూ ఇంకో మాట వచ్చింది. దించు అన్నట్టే వినపడింది. అతని చెయ్యి ఇంకాస్త నెట్టబోతూ ఉంది, కన్ను మాత్రం అలవాటుగా పందిపిల్ల మీదికి పోయింది.

అది పడుకునే ఉంది.

మిగతా బొమ్మలన్నీ చూశాడు. ఏనుగుపిల్ల, కుందేలు, మేకపిల్ల... పదకొండింట్లో ఒక్కటీ తోక కూడా ఆడించలేదు. అంటే వచ్చిన మాట ఆ పదకొండింట్లో ఏదీ కాదు. రెండు చేతులతో బ్రేకు లాగాడు. క్రేను మొత్తం కిర్రుమని ఊగింది.

కింద ఏమైందో తెలియదు. ఎవరూ మాట్లాడటం లేదు. ఊపిరి తగిలి అద్దం మసకబారింది, తుడుచుకునే ధైర్యం కూడా లేకపోయింది.

పావుగంటకు మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. సూపర్‌వైజరు వచ్చాడు, మొహంలో కళ లేదు. జారిపోయిన పట్టకారు తీసుకుందామని కడ్డీలు కట్టే మనిషి ఒకడు కట్ట కిందికి దూరాడట. వాడి వీపుకూ కడ్డీలకూ మధ్య జానెడు సందు మిగిలిందట. వాడు పట్టకారు తీసుకుని, సంగతేమిటో తెలియకుండానే వెళ్లిపోయాడట.

"రేడియో సరిగ్గా పలకలేదు. ఆపమన్నానని నీకెలా తెలిసింది?"

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. ఆ ఊరి భాషలో, పన్నెండు మాటల్లో లేని వాక్యం మొట్టమొదటిసారి కూడబలుక్కుని చెప్పాడు.

"నాకు రాని మాట అదొక్కటే సార్."

సూపర్‌వైజరు బొమ్మల వంక చూశాడు. అన్నింటినీ చూసి, బాతుపిల్ల దగ్గర కాసేపు ఆగాడు. ఆపమనే ఈ ఊరి మాట తన చెవుల్నే మోసం చేస్తుంటుందని, ఇక దీన్ని క్రేను దగ్గరా సోమవారం పరీక్షలోనూ వాడొద్దని అన్నాడు. తర్వాత అడిగాడు.

"మీ భాషలో ఏమంటారు?"

"ఆపు అంటాం."

"ఆప్పో," అన్నాడు సూపర్‌వైజరు.

"ఆపు, సార్."

"హాపూ."

సూపర్‌వైజరు వాకీటాకీ అందుకుని, ఆ మాటను కింద ఉన్న పనివాళ్లందరికీ చెప్పి, ఒక్కొక్కరినీ పలకమన్నాడు. మంచులోంచి ఒకరి తర్వాత ఒకరి గొంతు పైకి వచ్చింది. ఒకడు సాగదీశాడు, ఒకడు మింగేశాడు, ఒకడు పాటలా పాడాడు. ప్రతి గొంతుకూ డ్రైవరు చెయ్యి దానంతటదే బ్రేకు మీదికి పోతోంది. వినీ వినీ అతనికి కళ్లనిండా నీళ్లొచ్చేదాకా నవ్వొచ్చింది. ఆ గొంతుల్లో కడ్డీలు కట్టేవాడి గొంతు ఏదో అతనికి తెలియలేదు.