కుక్క కింది తోలు

మూడు రోజుల్లో నా బండి చావడం ఇది మూడోసారి. మూడుసార్లూ మధ్యాహ్నమే. పొద్దున మీట నొక్కగానే గుర్రుమని లేస్తుంది. మంద వెనకాల మెల్లగా రెండు గంటలు నడిపేసరికి దీపాలు మసకబారి, ఫ్యాన్ ఆగి, నోరు మూసుకుంటుంది. నార్వే ఉత్తర కొసనున్న ఈ ఫిన్‌మార్క్ కొండల్లో, మోటార్‌సైకిల్‌లా ఎక్కి నడిపే ఇలాంటి నాలుగు చక్రాల బండి లేకుండా రెయిన్‌డీర్ మందను తోలేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. నడిచి తోలిన మా నాన్న మోకాళ్లు ఏమయ్యాయో నాకు తెలుసు.

ఎల్లుండి దొడ్డి తెరిచి మందను కొండ మీదికి వదిలేస్తారు. ఆలోగా నా జింకల కూనలన్నిటినీ దొడ్డికి చేర్చి, చెవుల్లో నా గుర్తు కోసుకోవాలి. చెవికి గుర్తు కోయని కూన తల్లిని వదిలిందంటే, ఇక అది నాదని చెప్పుకోవడానికి ఏ ఆధారమూ ఉండదు.

బండి ఇలా చావడం యోవ్నా పనేనని నా గట్టి అనుమానం. యోవ్నా మా పిన్ని కొడుకు, పక్క మంద అతనిది. నేను కాఫీకి బండి ఆపేది అతని గుడారం పక్కనే. కాఫీ తాగి బయల్దేరాకే బండి చస్తోంది. రెండేళ్ల కిందటి చలికాలంలో అతని మందలోంచి తొమ్మిది జింకలు మాయమయ్యాయి. అప్పటినుంచి మా ఇంటివాళ్లతో పొడిపొడిగానే మాట్లాడతాడు. పైగా నిన్న మా అన్నయ్య నీలాస్ నా చెవిలో వేశాడు: “నువ్వు కాఫీ తాగుతుంటే వాడు నీ బండి చుట్టూ తిరుగుతున్నాడే. కాస్త చూసుకో.” అన్నయ్య మాట మీద నాకు గురి. అందుకే ఈ పొద్దున దొడ్డి దగ్గర అందరి ముందూ యోవ్నాని, నా బండిని చాటుగా చెడగొడుతున్న దొంగ అన్నాను. చిన్న గొంతుతో అనలేదు.

అతను కత్తి తుడుచుకుంటూ, “సరేలే అక్కా” అన్నాడు, అంతే. తప్పు చేసినవాడు కాబట్టే అంత నెమ్మదిగా ఉన్నాడనుకున్నాను.

ఇప్పుడు దొడ్డికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, దోమల మధ్య, చచ్చిన బండి పక్కన నిలబడ్డాను. బండి ముందు ర్యాక్ మీద పరిచిన రెయిన్‌డీర్ తోలుపై కూర్చున్న నా ముసలి కుక్క చాప్పె దిగనని మొండికేసింది. ఫోన్ చేస్తే అన్నయ్య, “పని మధ్యలో ఉన్నాను, రాలేను” అన్నాడు. చివరికి వచ్చింది ఎవరనుకున్నారు, యోవ్నాయే.

“ఏం రావ్నక్కా, దొంగతో చూపించుకుంటావా, నడిచి వెళ్తావా?”

“చూడు. కానీ నీ చేతులు నాకు కనబడుతూ ఉండాలి.”

“అంత అనుమానమైతే ఈ వోల్టు మీటరు నువ్వే పట్టుకో.”

పట్టుకున్నాను. అతని బ్యాటరీ నుంచి తీగలు కలిపి నా బండి లేపాడు, తర్వాత తీసేశాడు. మీటరు పన్నెండు వోల్టుల దగ్గరే ఉంది, కదలదు.

“ఇంజిన్ నడుస్తుంటే పద్నాలుగు దాటాలి. నీ బండి బ్యాటరీని తింటోందే కానీ దానికి తిండి పెట్టడం లేదు.”

“ఎవరో తీగ కోసుంటారు.”

“ఎవరో!” అని నవ్వాడు. “నువ్వే వెతుక్కో.”

ఇంజిన్ నుంచి వచ్చే మూడు పసుపు తీగల ప్లగ్గు విప్పి, రెండేసి తీగల మధ్య మీటరు పెట్టించాడు. మూడుసార్లూ ఒకే అంకె. యాక్సిలరేటర్ పెంచితే మూడూ సమానంగా పెరిగాయి. కరెంటు పుట్టించే కాయిల్ బాగుంది. ప్లగ్గు మళ్లీ పెట్టి, తీగల పొడవునా వేలు రాస్తూ వెళ్లాను. కోత లేదు, అతుకు లేదు, టేపు ముక్క కూడా లేదు. నాకు సంతోషం కలగాల్సింది, ఒళ్లు మండింది.

“ఇక మిగిలింది ఆ కరెంటును బ్యాటరీకి ఎక్కించే రెగ్యులేటర్. ఎక్కడుంది?”

“ముందు, ర్యాక్ కింద.”

“అయితే కుక్కను దించు.”

చాప్పెను ఎత్తి దించాను. యోవ్నా ర్యాక్ మీంచి కిందికి వేలాడుతున్న తోలు వెనక చెయ్యి పెట్టి, “అబ్బా!” అని వెనక్కి లాక్కున్నాడు.

“దీనికి గాలి తగలాలి అక్కా, ఈ లోహపు రెక్కలున్నది అందుకే. నువ్వేమో దీనికి దుప్పటి కప్పావు. పొద్దున చల్లగా ఉన్నంతసేపు పనిచేస్తుంది. మంద వెనకాల నత్తనడక నడిపితే కాగిపోయి మానేస్తుంది.”

కుక్కకు నడుము నొప్పని ఈ వేసవిలోనే ఆ తోలు అక్కడ కట్టింది నేనే. నా చేతులతో నేనే. సిగ్గుతో ముఖం ఎత్తలేకపోయాను. క్షమాపణ అడుగుదామని నోరు తెరిచాను.

అతను నా వైపు చూడటం లేదు. తోలు విప్పి చేతిలోకి తీసుకున్నాడు. వేడికి అంచు కుట్లు కమిలి తెగిపోయాయి. రెండేళ్ల కిందట అన్నయ్య నాకు ఆ తోలు ఇచ్చినప్పుడు తల భాగం లోపలికి మడిచి కుట్టేసి ఉంది. చక్కగా కుట్టాడనే అనుకున్నాను. ఆ మడత ఇప్పుడు ఊడి వేలాడుతోంది. దాంట్లో రెండు చెవులు. చెవుల్లేని తోలు చూస్తే ఎవరి గుర్తు దాచారని ఎవరైనా అడుగుతారు. మడిచి కుట్టిన తోలు గురించి ఎవరూ అడగరు.

ఎడమ చెవి కొన చీలిక, దాని కింద రెండు గాట్లు. నా గుర్తు కాదు, అన్నయ్యదీ కాదు. చిన్నప్పటినుంచీ ఎరిగిన గుర్తు అది. మా పిన్నిది, ఆమె తర్వాత యోవ్నాది.

“ఇది నీకెక్కడిది?” ఈసారి అక్కా అనలేదు.

ఈస్టర్ సంతలో కొన్నానని చెప్పొచ్చు. అబద్ధం నాలుక చివరే ఉంది. అతను నా చేతుల వైపే చూస్తున్నాడు. ఇందాకటిదాకా నేను అతని చేతుల వైపు చూసింది సరిగ్గా ఇలాగే.

“అన్నయ్య ఇచ్చాడు.”

అతను రెగ్యులేటర్ చల్లారాక నా బండి లేపి మీటరు పెట్టాడు. పద్నాలుగు దాటింది.

“బండికేం లేదు.” తోలు మడిచి నా చేతుల్లో పెట్టాడు. “ఇది నేను పట్టుకెళ్తే ఎవరూ నమ్మరు. నువ్వే తీసుకెళ్లు. పొద్దున నన్ను అన్నంత గట్టిగానే అను.”

చాప్పెను వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాను. ఎనిమిది కిలోమీటర్లూ ఎంత మెల్లగా నడపొచ్చో అంత మెల్లగా నడిపాను. ఒక్కసారి, ఈ ఒక్కసారి దారిలో ఆగిపొమ్మని బండిని బతిమాలుకున్నాను. ఆగలేదు. దొడ్డి దగ్గర అన్నయ్య నన్ను చూసి చెయ్యి ఊపాడు. తర్వాత నా ఒళ్లోని తోలు చూసి, చెయ్యి దించేశాడు.